అంజనం పిల్లాడు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా జొన్నగిరి వైపు దీనికి రెండు ఉపయోగాలున్నాయి. నడుం పట్టేసినవాళ్ళు వచ్చి వీపు మీద తొక్కమంటారు. ఇంట్లో ఏదైనా పోతే అంజనంలో చూడమంటారు. పదేళ్ళప్పుడు నేను రెండూ చేశాను. మొదటిదాని వల్ల ఎవరికీ నష్టం లేదు.

ఆ ఏడు శెనక్కాయలు అమ్మిన డబ్బులో మూడువేల చిల్లర అవ్వ పెట్టెలోంచి పోయింది. పత్తికొండ పక్క ఊరి నుంచి అంజనం వేసే ఆయన్ని పిలిపించారు. ఆముదం మసిలో ఏవేవో కలిపిన నల్లటి ముద్దని నా బొటనవేలి గోటికి పూసి, రెప్ప వెయ్యకుండా చూడమన్నాడు.

"ఆంజనేయసామి వచ్చినాడా అబ్బీ? ఊడుస్తాండాడా?"

ఊడుస్తాండాడు అన్నాను.

"గద్దె ఏసినాడా?"

ఏసినాడు అన్నాను. నిజానికి నాకు కనపడింది పడసాలలో వేలాడుతున్న బల్బు, దాని కింద వంగిన నా మొహం. చుట్టూ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నా బొటనవేలినే చూస్తున్నారు. పదేళ్ళవాడి మాట కోసం అంతమంది పెద్దవాళ్ళు ఎదురుచూడటం నా జీవితంలో అదే మొదటిసారి. ఏమీ కనపడలేదని చెప్పడానికి మనసొప్పలేదు.

"దొంగ వస్తాండాడు చూడు. పెద్దోడా, పిల్లోడా?"

అప్పటికి రెండ్రోజులుగా ఇంట్లో గుసగుసలన్నీ మా జీతగాడి మీదే. వాడికి పద్నాలుగో పదిహేనో ఉంటాయి. పిల్లోడు అన్నాను. అంగీ ఏం రంగు అని అడిగాడు. వాడికున్నవే రెండు అంగీలు. పచ్చది అన్నాను.

టీనేజ్ డిటెక్టివ్‌ల చరిత్ర రాద్దామని కూర్చుంటే ముందు ఈ గోరే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలంటే, ఓ వజ్రం కథ దగ్గరికి పోవాలి.

వజ్రం అనగానే మావాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి. తొలకరి వాన పడిందంటే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తారు. పిల్లలు కూడా. తడి ఆరీ ఆరని నేల మీద ఏటవాలు ఎండ పడినప్పుడు తళుక్కుమనే రాయి కోసం. అందుకే ముప్పై దాటాక ఎప్పుడో బెంగళూరు మెట్రోలో విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' మొదలుపెట్టినప్పుడు, అది మా ఊరి సరుకే అనిపించింది. 1868 నాటి నవల. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఓ ఇంగ్లీషు సైనికాధికారి కాజేసిన వజ్రం ఇంగ్లండు చేరుతుంది. దాన్ని తిరిగి తీసుకుపోవడానికి ముగ్గురు బ్రాహ్మలు గారడీవాళ్ళ వేషంలో వెనకాలే వెళ్తారు. ఇంగ్లీషులో మొట్టమొదటి డిటెక్టివ్ నవల, ఇప్పటికీ అన్నిట్లోకీ గొప్పది అని టి. ఎస్. ఎలియట్ దీన్ని మెచ్చుకున్నాడు.

నవల మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. ఆ గారడీవాళ్ళ వెంట బక్కపల్చటి తెల్లపిల్లాడొకడు ఉంటాడు. వాడి అరచేతిలో సిరా లాంటిదేదో పోసి, అందులోకి చూడమంటారు. ఇష్టం లేదంటాడు వాడు. అయితే నువ్వు మాకు దొరికిన ఆ లండన్ మార్కెట్ బుట్టలోకి, ఆ ఆకలిలోకే తిరిగి పంపించమంటావా అని అడుగుతారు. వాడు చూస్తాడు. అడిగినవాటికి జవాబులు చెప్తాడు.

నేను పుస్తకం మూసేశాను. దిగాల్సిన స్టేషన్ కూడా దాటిపోయింది.

ఆ సిరా కాలిన్స్ కల్పన కాదు. ఎడ్వర్డ్ లేన్ 1836లో ఈజిప్టు జనజీవితం మీద వేసిన పుస్తకంలో కైరో మాంత్రికుడొకడు సరిగ్గా ఇదే చేస్తాడు. పిల్లాడి అరచేతిలో సిరా పోస్తాడు. పిల్లాడికి ముందుగా కనపడాల్సింది నేల ఊడుస్తున్న మనిషి! మా పడసాలలోని ఆంజనేయస్వామి కైరోలో కూడా చీపురు పట్టుకునే వచ్చాడన్నమాట. అంతకన్నా నన్ను పట్టేసింది లేన్ చెప్పిన ఇంకో ముచ్చట. అక్కడి బ్రిటిష్ కాన్సల్ ఇంట్లో దొంగతనం జరిగింది. పనివాళ్ళ మీద అనుమానం. సిరా చూసిన పిల్లాడు ఒక మనిషి పోలికలు చెప్పాడు. ఆ పోలికలతో పట్టుకొచ్చింది ఎవర్ని? తోటలో పనిచేసే కూలీని. ఎదురుగా నిలబెట్టగానే ఒప్పుకున్నాడట. ఒప్పుకున్నాడు అన్న మాటని మన పోలీస్ స్టేషన్ల గురించి తెలిసినవాళ్ళు ఎలా చదవాలో అలా చదువుకుంటారు.

కాలిన్స్ మాత్రం తన నవల్లో ఈ మాయని విప్పి చూపిస్తాడు. మర్త్‌వైట్ అనే యాత్రికుడు తర్వాత తేల్చి చెప్తాడు: ఆ పిల్లాడికి కొత్తగా కనపడిందేమీ లేదు, అడిగేవాడి మనసులో ముందే ఉన్నది వాడిలో ప్రతిఫలించింది, అంతే. అంజనం గురించి ఇంతకన్నా తక్కువ మాటల్లో ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళని నేను చదవలేదు. పడసాలలో ఆ రోజు నేను చేసిన పని అదే.

ఇదే నవల్లో రెండో పిల్లాడు కూడా ఉన్నాడు. అసలు చరిత్ర వాడి దగ్గర మొదలవుతుందని నా లెక్క. లాయరు ఆఫీసులో పనిచేసే కుర్రాడు, గుడ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయని 'గూస్‌బెర్రీ' అని పేరు పెట్టారు. బ్యాంకు దగ్గర పెద్దమనుషులిద్దరూ ఎవరో వేరే మనిషి వెంటపడి తప్పుదారిన పోతే, వీడు తన కళ్ళని నమ్ముకుని అసలు మనిషి వెనకాల పోతాడు. వీడు మా వృత్తిలో పెద్దవాడవుతాడని రిటైరైన డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ పొగుడుతాడు. సిరా పిల్లాడు, గూస్‌బెర్రీ, ఒకే పుస్తకంలో ఇద్దరు. ఒకడు పెద్దవాళ్ళు చూడమన్నది చూస్తాడు, రెండోవాడు ఉన్నది చూస్తాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలోపే షెర్లాక్ హోమ్స్ వచ్చాడు (1887). ఆయనకి లండన్ వీధిపిల్లల దండు ఉంది, నాయకుడి పేరు విగ్గిన్స్. రోజుకో షిల్లింగ్ కూలి, వెతుకుతున్నది దొరికించినవాడికి గినీ బహుమానం. వాళ్ళు ఎక్కడికైనా పోగలరు, ఏదైనా వినగలరు. ఎందుకంటే వాళ్ళని ఎవరూ మనుషుల్లో లెక్కెయ్యరు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. టీనేజ్ డిటెక్టివ్ అనగానే మనకి వేసవి సెలవులు, సైకిళ్ళు, టిఫిన్ బుట్టలు గుర్తొస్తాయి. అది తర్వాత వచ్చిన బొమ్మ. టీనేజర్ అన్న మాటే జనం నోళ్ళలోకి వచ్చింది 1940లలో. మొదట వచ్చిన డిటెక్టివ్ పిల్లలు పనిపిల్లలు. కూలి తీసుకుని చూసిపెట్టినవాళ్ళు.

సెలవుల పిల్లలు వచ్చింది అమెరికాలో ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ పెట్టిన రాతల ఫ్యాక్టరీ నుంచి. 1927లో హార్డీ బాయ్స్, 1930లో నాన్సీ డ్రూ. కథ చట్రం కంపెనీ ఇస్తుంది, ఎవరో రాస్తారు, కంపెనీ పెట్టిన పేరుతో అచ్చవుతుంది. ఫ్రాంక్లిన్ డిక్సన్ అనే మనిషీ లేడు, కరోలిన్ కీన్ అనే మనిషీ లేదు. (స్పెక్ రాసేది ఒకరు, కోడ్ రాసేది ఇంకొకరు, పేరు క్లయింటుది. మా వృత్తివాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు.) మొదటి ముప్పై నాన్సీ డ్రూ నవలల్లో ఇరవైమూడు రాసిన మిల్‌డ్రెడ్ బెన్సన్‌కి పుస్తకానికి 125 డాలర్లు ఇచ్చారు. ఆమె పేరు లోకానికి తెలిసింది 1980లో, పబ్లిషర్ల తగాదా కోర్టుకెక్కి ఆమె సాక్షిగా వచ్చినప్పుడు. అంటే పిల్లలకి రహస్యాలు ఛేదించడం నేర్పిన రచయిత్రిని యాభై ఏళ్ళు రహస్యంగానే ఉంచారు.

నాన్సీకి ఏమేం ఉన్నాయో లెక్కేస్తే మన దగ్గర ఆ అమ్మాయి ఎందుకు పుట్టలేదో తెలుస్తుంది. వయసు 16, నీలం కారు. తల్లి లేదు, వంటకి మనిషి ఉంది, తండ్రి లాయరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ తండ్రి కూతురి మాట వింటాడు. 1959 నుంచి ఆ పుస్తకాలని తిరగరాసినప్పుడు ఆమె వయసు 18 చేశారు. ఆ తిరగరాతల్లోనే పాత పుస్తకాల్లోని నల్లవాళ్ళ మీదా వలసవచ్చినవాళ్ళ మీదా ఉన్న వెకిలి చిత్రణలు కూడా తీసేస్తూ వచ్చారు. ఎనిడ్ బ్లైటన్ ఫేమస్ ఫైవ్ (1942లో మొదలు) మీద ఉన్న పాత ఫిర్యాదు కూడా ఇలాంటిదే: జిప్సీలు కనపడితే చాలు అనుమానం. సెలవుల డిటెక్టివ్‌లకి చూపు చురుకే గానీ అది ముందుగా ఎవరి మీద వాలుతుందన్నది మాత్రం పెద్దవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే.

నాకు వీళ్ళందరికన్నా ఎరిక్ కెస్ట్‌నర్ ఎమిల్ ఇష్టం. 1929, జర్మనీ. తల్లి ఇంట్లోనే జుట్టు కత్తిరించి బతుకుతుంది. ఆమె ఇచ్చి పంపిన 140 మార్కులు ఎమిల్ కోటు జేబులో గుండుసూదితో గుచ్చి పెట్టుకుంటాడు. రైల్లో నిద్రపోతాడు, డబ్బు పోతుంది. బెర్లిన్ వీధుల పిల్లలు గుంపుగా దొంగ వెంటపడతారు. ఒక పిల్లాడికి అప్పజెప్పిన పని ఇంట్లో ఫోను దగ్గర కూర్చోవడం, వాడు అది కూడా డ్యూటీలా చేస్తాడు. చివరికి బ్యాంకులో, ఈ నోట్లు నీవేనని రుజువేంటి అన్నప్పుడు ఎమిల్ చెప్తాడు, నోట్లకి సూది బెజ్జాలు ఉంటాయి చూడండి అని. ఉంటాయి. పెద్దవాళ్ళు ఆ బెజ్జాల్ని వెలుతురుకి పట్టి చూస్తారు. చిన్నపిల్లాడి సాక్ష్యాన్ని అలా దీపానికి ఎత్తి చూడటం, అదే ఆ పుస్తకంలో నాకు నచ్చిన సాహసం.

మా ఇంట్లో కూడా అలాంటి సూదిబెజ్జం ఒకటి దొరికింది. దొరికించింది మా అక్క. అప్పుడు తనకి పద్నాలుగేళ్ళు, ఎనిమిదో తరగతి. గుత్తిలో ఉన్న మా మేనమామ అద్దె లైబ్రరీ నుంచి తెచ్చే అట్టలు ఊడిన డిటెక్టివ్ నవలలు సోషల్ పుస్తకంలో పెట్టి చదివేది. బడివాళ్ళు ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూపించడానికి తీసుకుపోతే, అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి, మడక తిప్పినట్టు పోతాయని విని వచ్చి, నాకు చీటీలు అదే పద్ధతిలో రాయడం మొదలుపెట్టిన మనిషి. అంజనం అయిన రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు లేచి అడిగింది.

"పెట్టె నట్టింట్లో కదా ఉండేది. వాన్ని ఎప్పుడన్నా గడప దాటనిస్తిరా? పెట్టె ఏ మూలనుందో, బీగం చెవి ఏ పటం ఎనకాలుందో వానికెట్ల తెలుస్తాది?"

ఎవరూ తలెత్తలేదు. అక్క ఆపలేదు. తాళం పగలలేదు, చెవి మళ్ళీ పటం వెనక్కే పోయింది, దుడ్లు పోయినాయి గానీ పక్కనే మూటలో ఉన్న అవ్వ బంగారు కమ్మలు అట్లే ఉన్నాయి, బయటి దొంగయితే కమ్మలు వదిలిపెడతాడా అంది.

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ అబ్బాయిని కులం పేరు చెప్పి గడప దాటనివ్వని ఇంట్లో ఆ గడపే వాడి తరఫు సాక్షి. పద్నాలుగేళ్ళ పిల్ల అది కనిపెట్టి, వరుసగా పేర్చి చెప్పింది. అందుకు తనకి దొరికింది చెంపదెబ్బ. ఆ కథల పుస్తకాలు చదివే ఇట్లయింది అన్నారు. మేనమామకి కబురుపోయింది, పుస్తకాలు ఆగిపోయాయి. పోయిన డబ్బుని ఆ అబ్బాయి ఏడాది జీతంలో పట్టుకున్నారు. తర్వాతి కాపుకి వాడు అమ్మానాన్నలతో కలిసి గుంటూరు వైపు సుగ్గికి పోయాడు. మా ఇంటికి మళ్ళీ రాలేదు. ఆదోని, పత్తికొండ పల్లెల్లో పిల్లలకి బడి మధ్యలో వచ్చే పొడుగాటి విరామం పేరు సుగ్గి, వేసవి సెలవులు కాదు. మిరపకాయలు కోయడానికి ఊళ్ళకి ఊళ్ళే కదిలిపోతాయి.

అక్క చదివిన ఆ నవలల్లో పిల్లలు ఎక్కడున్నారు? తెలుగులో డిటెక్టివ్‌కి వందేళ్ళు దాటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాలీ నుంచి పాంచ్‌కడీ దే నవలలు దిగాయి. 1950ల చివర్నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటికీ తెలిసిన పేర్లయ్యాయి. రాజు కుర్రాడే గానీ పిల్లాడు కాదు. పరిగెత్తేది, పొంచి చూసేది, దెబ్బలు తినేది రాజు. చివరి పేజీల్లో విప్పి చెప్పేది యుగంధర్. వీటిని విరగబడి చదివింది హైస్కూలు పిల్లలు. రాసినవాళ్ళు వాళ్ళ కోసం రాయలేదు, ఇంట్లోవాళ్ళు చదవనివ్వలేదు, అయినా చదివారు. తెలుగు టీనేజ్ డిటెక్టివ్ పుస్తకం లోపల దొరకడు, పుస్తకం పట్టుకుని దాక్కున్న చోట దొరుకుతాడు.

పిల్లల పత్రికలు ఇంకో దారిన పోయాయి. 1947లో మొదలైన చందమామ రాజుల్నీ రాక్షసుల్నీ దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళనీ ఇచ్చింది. అవంటే నాకు ప్రాణం. తర్కానికి కొదవ కూడా లేదు, బేతాళుడి ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. కానీ ఆ తర్కమంతా రాజులది, మర్యాదరామన్న లాంటి న్యాయాధికారులది. బెంగాలీలో 1965లో సత్యజిత్ రాయ్ తన కుటుంబ పత్రిక 'సందేశ్'లో ఫెలూదా కథ మొదలుపెట్టినప్పుడు, పక్కన పదమూడున్నరేళ్ళ తోప్‌షేని కూర్చోబెట్టి కథ వాడి చేత చెప్పించాడు. తోప్‌షే కూడా అసిస్టెంటే. అయితే కలం వాడి చేతిలో ఉంది. రాజు చేతిలో లేదు.

మనకి మిగిలింది టామ్ సాయర్. మార్క్ ట్వేన్ 1896లో వాడిని ఏకంగా 'టామ్ సాయర్, డిటెక్టివ్' చేశాడు గానీ, నాకు ముఖ్యమైనది మొదటి పుస్తకమే, నండూరి రామమోహనరావు చేతిలో అచ్చ తెలుగు పిల్లాడైపోయినది. శ్మశానంలో జరిగిన హత్యని టామ్ చూస్తాడు. నేరం తాగుబోతు మఫ్ పాటర్ మీద పడుతుంది. ప్రాణభయంతో నోరు మూసుకున్న టామ్ చివరికి కోర్టులో నిలబడి నిజం చెప్పేస్తాడు. ఇంటర్‌లో హాస్టల్లో చదివాను. కోర్టు అధ్యాయం అయ్యాక ముందుకు పోలేకపోయాను. నేను కూడా నిలబడి చెప్పినవాడినే కదా, కాకపోతే తిరగేసి.

పిల్లల తెలివి గురించి మన కథల్లో ఉన్న అసలు నమ్మకం విక్రమార్క సింహాసనం కథలో దొరుకుతుంది. చెప్పుకునే రూపాల్లో ఒకదాంట్లో పశులకాపరి పిల్లాడు ఒక దిబ్బ మీద కూర్చుంటే చాలు, పెద్ద పెద్ద తగాదాలు తీర్చేస్తుంటాడు. దిగితే మామూలు పిల్లాడే. భోజరాజు విని ఆశ్చర్యపోతాడు. వచ్చి ఏం చేశాడు? పిల్లాడితో మాట్లాడలేదు. దిబ్బ తవ్వించాడు. కింద సింహాసనం దొరికింది. ఇక ఆ తర్వాత కథంతా సింహాసనానిదీ సాలభంజికలదీ, పిల్లాడు ఏమయ్యాడో ఎవరికీ పట్టదు. పిల్లాడి నోటి నుంచి తెలివైన మాట వస్తే దాని కింద ఇంకెవరిదో పీఠం ఉండితీరాలి. అంజనంలో ఆంజనేయుడు వేసే గద్దె కూడా అదే. నా మాట నమ్మింది అందుకే, దాని వెనక దేవుడున్నాడు కాబట్టి. అక్క మాట వెనక అక్క తప్ప ఎవరూ లేరు.

క్లూ కథలు మన నేల మీద పిల్లల కోసం మొలవకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. క్లూతో అవసరం పడాలంటే దొంగ ఎవరైనా కావచ్చు అన్న ఒప్పందం ముందు ఉండాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్ళలాంటి కులాల్ని పుట్టుకతోనే అనుమానితుల్ని చేశారు, 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952. జవాబు ముందే రాసిపెట్టిన చోట పిల్లలకి వెతకడం ఎవరు నేర్పిస్తారు? మా పడసాలలో చట్టం లేదు, బల్బు కింద పది మంది ఉన్నారు, అంతే తేడా.

పోయిన సంక్రాంతికి ఆదోనిలో అక్క వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఇదంతా చెప్పాను. గూస్‌బెర్రీ గురించి, ఎమిల్ బెజ్జాల గురించి. శెనక్కాయలు ఒలుస్తూ వింది. ఎమిల్ నచ్చాడు తనకి. ఇంతకీ ఆ దుడ్లు ఎవరు తీసింటారక్కా అని అడిగాను, ఇన్నేళ్ళకి.

"నీకింగా తెలీదా?" అంది. చెప్పలేదు. కాసేపాగి తనే అడిగింది. "పచ్చంగీ అని ఎందుకు చెప్తివిరా నువ్వు? ఏదో ఒకటి అనాలనా?"

కాదు. డబ్బు పోయిన రోజు వాడు తన నీలం అంగీని ఉతికి దండెం మీద ఆరేసుకోవడం నేను చూశాను. కాబట్టి ఒంటి మీద ఉన్నది పచ్చదే అయ్యుండాలి.